చుక్క తర్వాతి రెండక్షరాలు ఎవరివి?

మా మేనల్లుడిది గుణుపురం. సవరలో మాట్లాడితే తెలుగులోకీ ఒడియాలోకీ మార్చి చెప్పే చిన్న యాప్ ఒకటి తయారు చేసుకుంటున్నాడు. దానికి వెబ్‌సైటు పేరు కొనాలని మొన్న పర్లాకిమిడి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చివర డాట్ ఏఐ ఉండి తీరాలన్నది వాడి పట్టుదల. ధర చూశాక మాత్రం వెనక్కి తగ్గాడు. రెండేళ్ళకి ఒకేసారి కట్టాలి, మన డాట్ ఇన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. "ఈ డబ్బులన్నీ ఎవరికెల్తాయి మావయ్యా?" అన్నాడు. అంగ్విలా అనే దీవికి అని చెప్పాను. కరీబియన్ సముద్రంలో, బ్రిటన్ కింద ఉన్న చిన్న దీవి. జనాభా పదహారు వేల చిల్లర. 2023లో ఆ దీవి సర్కారు ఆదాయంలో అయిదో వంతుకు పైగా ఈ రెండక్షరాల మీదే వచ్చింది, సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు.

వాడు కాసేపేమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మన గజపతి జిల్లాలో ఒక బ్లాకంత జనం లేని దీవికిచ్చినోళ్ళు సవరోళ్ళకి ఎందుకివ్వలేదు? అసలు ఇచ్చింది ఎవరు?"

అప్పటికప్పుడు ఏదో జవాబు చెప్పి పంపించాను గాని, అది నాకే చాల్లేదు. ఈ విషయం మీద చాలా ఏళ్ళుగా చదువుతున్నాను, నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అదేమిటో, దానికి ఎదురయ్యే అనుమానాలేమిటో ఇక్కడ రాసుకుంటాను.

"అది మా పని కాదు"

ఇంటర్నెట్ తొలి రోజుల్లో పేర్లు పంచే పని కాలిఫోర్నియాలో దాదాపు ఒక్క మనిషి చేతి మీదుగా జరిగేది. ఆయన జాన్ పోస్టెల్. 1994 మార్చిలో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1591 అనే పత్రంలో ఒక వాక్యం ఉంది. ఏది దేశమో ఏది కాదో తేల్చడం మా పని కాదు అని దాని సారాంశం. ఆ తేల్చే పద్ధతి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దగ్గర ఉంది కాబట్టి, వాళ్ళ 3166 అనే దేశాల కోడ్‌ల పట్టికలో రెండక్షరాలున్న చోటికల్లా పేరిస్తాం, లేని చోటికి ఇవ్వం. అంతే.

ఆ పట్టిక ఇంటర్నెట్ కోసం పుట్టింది కాదు, 1974 నాటిది. దాన్ని చూసుకునేవాళ్ళు కూడా సొంతంగా ఎవరినీ దేశమని ప్రకటించరు. ఐక్యరాజ్యసమితి తన దేశాల పేర్ల జాబితాలోనో, దాని గణాంక విభాగం తన కోడ్‌లలోనో ఒక పేరు చేరిస్తే, దానికి అక్షరాలు కేటాయిస్తారు. అంటే పోస్టెల్ బాధ్యతను ఐఎస్ఓ మీద పెట్టాడు, ఐఎస్ఓ సమితి మీద పెట్టింది. సమితిలో సభ్యత్వమే ఉండాలన్న నియమం లేదు. అంగ్విలా లాంటి దీవి ఇంకో దేశం కింద ఉన్నా, విడిగా లెక్కలోకి వస్తే చాలు.

అక్షరాలొచ్చాక రెండో అంచె. ఆ చోటి నుంచి ఒక విశ్వవిద్యాలయమో ప్రభుత్వ శాఖో సంస్థో ముందుకొచ్చి, ఇంటర్నెట్ పేర్ల నమోదు చూసే ఐయానాకు దరఖాస్తు పెట్టాలి. సర్వర్లు నడిపే సత్తా ఉందా, అక్కడి ఇంటర్నెట్ జనం ఒప్పుకున్నారా, ప్రభుత్వం సమ్మతించిందా అని చూస్తారు. ఐయానా పైనున్న సంస్థ ఐకాన్. దాని బోర్డు ఆమోదిస్తే ఆ పేరు ప్రపంచం మొత్తానికీ మూలమైన రూట్ జాబితాలో చేరుతుంది. 2016 అక్టోబరు దాకా అమెరికా వాణిజ్య శాఖ సమ్మతి కూడా కావలసి వచ్చేది.

దక్షిణ సూడాన్ కథ చూస్తే ఈ రెండు అంచెలూ విడివిడిగా కనబడతాయి. 2011 జులై 9న స్వతంత్రం వచ్చింది. అయిదు రోజుల్లో సమితిలో చేరింది. ఆగస్టులో ఎస్ఎస్ అనే అక్షరాలొచ్చాయి. యూరప్‌లో ఆ అక్షరాలు చూస్తే హిట్లర్ దళం గుర్తొస్తుందని ఎందరన్నా, ఆ దేశం వాటినే ఉంచుకుంది. కానీ డాట్ ఎస్ఎస్ రూట్‌లోకి ఎక్కింది 2019లో. మధ్యలో అంతర్యుద్ధం. నెల రోజుల్లో అక్షరాలు దొరికినా, వాటిని నిలబెట్టే మనుషులూ కరెంటూ కార్యాలయమూ సమకూరడానికి ఏడేళ్ళ పైన పట్టింది.

నా బల్ల ముందు

పోస్టెల్ మాట నాకు నచ్చడానికి నేను చేసే పని ఒక కారణం. పర్లాకిమిడిలో మాది ఆన్‌లైన్ సెంటరు. జిరాక్స్, స్కానింగ్, దరఖాస్తులు నింపడం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. మా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం కుటుంబాలకి ఏదో ఒక కాగితం అవతలి గట్టుదే అయి ఉంటుంది. అమ్మాయి చదువు అక్కడ, కాపురం ఇక్కడ. పుట్టింది టెక్కలి ఆసుపత్రిలో, రేషను కార్డు గజపతి జిల్లాలో. ఎవరి దరఖాస్తు నింపినా చివరికి అందరం ఒక జాబితా దగ్గరికే వచ్చి ఆగుతాం: రాష్ట్రం ఎంచుకోండి, జిల్లా ఎంచుకోండి.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రాలో జిల్లాలు విడగొట్టారు. పాలకొండ శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. తర్వాత కొన్నాళ్ళకి పాలకొండ నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చింది. ఆమె కొత్త సర్టిఫికెట్టు మీద పార్వతీపురం మన్యం అని ఉంది. ఆ సైటు జాబితాలో ఆ జిల్లా లేదు. పాత పేరు పెడితే సర్టిఫికెట్టుతో కలవదని భయం, కొత్త పేరు పెట్టే వీలు లేదు. స్క్రీను వైపు వేలు చూపించి, "మా జిల్లా ఏదండీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. హెల్ప్‌లైనుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆఖరి తేదీ దగ్గర పడిందని శ్రీకాకుళమే పెట్టించాం.

ఆ రోజు నా చేతిలో ఆ జాబితా ఉండి ఉంటే, నేనే ఆ పేరు చేర్చేసేవాణ్ణి. కానీ నాలాంటి వాళ్ళు ప్రతి సెంటర్లోనూ తమకు తోచిన పేర్లు చేరుస్తూ, తీసేస్తూ పోతే ఆ జాబితాని ఎవరు నమ్ముతారు? బల్ల వెనక కూర్చున్నవాడి మంచితనం మీద ఆధారపడే జాబితా, రేపు ఇంకొకడు కూర్చుంటే అదే బల్ల మీద ఒకరి పేరు కొట్టేస్తుంది కూడా. 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్, రష్యా పేరైన డాట్ ఆర్‌యూని రూట్ నుంచి తీసేయమని ఐకాన్‌కి రాసింది. యుద్ధంలో నలిగిపోతున్న దేశం అడిగింది, న్యాయం ఎవరి వైపుందో నా మనసుకి స్పష్టంగా తెలుసు. అయినా ఐకాన్ కుదరదంది, కుదరదనడమే సరైనదని నేననుకుంటాను. అంతకు ముందు, ఉగ్రవాద దాడుల్లో తమ వాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాలు అమెరికా కోర్టులో గెలిచిన పరిహారం కింద ఇరాన్, సిరియా, ఉత్తర కొరియాల పేర్లని జప్తు చేసి తమకిమ్మని అడిగాయి. 2016లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకోలేదు. వాళ్ళ బాధ నిజమైనదే. కానీ ఆ పేర్ల మీద బతుకుతున్న బడులూ ఆసుపత్రులూ చిన్న దుకాణాలూ ఏ దాడీ చేయలేదు.

అందుకే, "మేం తేల్చం" అన్న నియమానికి నా ఓటు.

జాబితా పవిత్రమైనదేం కాదు

ఇక్కడ నాకే ఒక అనుమానం. పోస్టెల్ రాజకీయాన్ని తప్పించలేదు కదా, పక్క గదిలోకి నెట్టాడంతే. ఆ గదిలో కూర్చున్న వాళ్ళకి పక్షపాతం లేదని ఎవరు చెప్పగలరు?

కొసోవో 2008 ఫిబ్రవరిలో స్వతంత్రం ప్రకటించుకుంది. చాలా దేశాలు గుర్తించాయి. భద్రతా మండలిలో రష్యా ఉన్నంత కాలం సమితిలోకి దారి మూసుకుపోయినట్టే. అందువల్ల ఐఎస్ఓ కోడ్ లేదు, సొంత డొమైనూ, అంటే చుక్క తర్వాతి పేరూ, లేదు. యూరప్ కార్యాలయాల్లో ఎక్స్‌కే అని వాడతారు గాని, ఎక్స్‌తో మొదలయ్యే అక్షరాల్ని ఐఎస్ఓ ఎవరికీ ఇవ్వకుండా వాడకందార్ల సొంత అవసరాలకే వదిలేసింది. కొసోవో ప్రభుత్వం సైటు నేటికీ డాట్ నెట్ మీదే నడుస్తోంది. ఫోన్ల విషయంలోనూ చాలా ఏళ్ళు మొనాకో కోడ్‌తో, స్లొవేనియా కోడ్‌తో నెట్టుకొచ్చారు. చివరికి 2016 డిసెంబరులో 383 అని సొంత కోడ్ దక్కింది.

అదే సమయంలో హెర్డ్ దీవి, మెక్‌డొనాల్డ్ దీవులు ఉన్నాయి. అంటార్కిటికాకు చేరువలో, ఆస్ట్రేలియా కింద. పెంగ్విన్లు, సీల్స్ తప్ప మనుషులెవరూ స్థిరంగా ఉండరు. వాటికి డాట్ హెచ్ఎం ఉంది, పని చేస్తోంది కూడా. పదిహేను లక్షలకు పైగా జనమున్న కొసోవోకి లేనిది ఈ మంచు గుట్టకి ఉంది. ఇది చూసి కోపం రాని మనిషి ఉంటాడనుకోను.

అయితే అదే జాబితా ఇంకోలా కూడా పని చేసింది. పాలస్తీనాకి 1999లో పీఎస్ అన్న కోడ్ వచ్చింది, 2000 మార్చిలో డొమైన్ వచ్చింది. అప్పటికి అది సమితిలో సభ్య దేశం కాదు, ఇప్పటికీ పూర్తి సభ్యత్వం లేదు. గణాంక విభాగం ఆ ప్రాంతాన్ని విడిగా చూపించింది కాబట్టి రెండక్షరాలొచ్చాయి. ఐకాన్ తనంతట తాను పాలస్తీనా దేశమా కాదా అని ఓటింగు పెట్టి ఉంటే, వాషింగ్టన్ సమ్మతి కావలసిన ఆ రోజుల్లో ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. "ఇది మా నిర్ణయం కాదు, జాబితాలో ఉంది" అని చెప్పుకునే వీలుండబట్టే ఆ పని సాఫీగా జరిగిందని నా నమ్మకం.

తూర్పు తిమోర్ ఇంకా గట్టి ఉదాహరణ. ఇండోనేసియా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించుకుని ఉన్నా, సమితి ఆ ఆక్రమణని ఒప్పుకోలేదు. అందుకే పోర్చుగీసు తిమోర్ పేరుతో టీపీ అన్న అక్షరాలు జాబితాలో అలాగే ఉండిపోయాయి. 1997లో ఐర్లండులోని డబ్లిన్‌కి చెందిన ఒక ఇంటర్నెట్ కంపెనీ, తిమోర్ నాయకుల మద్దతుతో, డాట్ టీపీని నడపడం మొదలుపెట్టింది. 1999 జనవరిలో దాని సర్వర్ల మీద పెద్ద దాడి జరిగింది, కంపెనీ మొత్తం కొన్నాళ్ళు మూతపడింది. అయినా వదల్లేదు. 2002 మే 20న తిమోర్ స్వతంత్ర దేశమైంది, టీఎల్ అని కొత్త అక్షరాలొచ్చాయి, 2005లో డాట్ టీఎల్ రూట్‌లో చేరింది. పాత డాట్ టీపీని తొందరపడి చంపెయ్యలేదు, జనం మెల్లగా మారేదాకా ఆగి 2015లో తీసేశారు. గడ్డ మీద ఐదేళ్ళ తర్వాత వచ్చిన దేశం, ఇంటర్నెట్‌లో ముందే వచ్చేసింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కొటియాలో రెండు, పశ్చిమ సహారాలో సున్నా

నియమానికి అసలు పరీక్ష ఎక్కడంటే, ఒకే నేల నాదంటే నాదని ఇద్దరు నిలబడినప్పుడు. అలాంటి నేల మాకు దూరమేమీ కాదు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొటియా ఊళ్ళున్నాయి. ఒడిశా తనవంటుంది. సాలూరు మండలంలోవని ఆంధ్రా అంటుంది. 1968లో సుప్రీం కోర్టుకెళ్ళిన తగాదా అది. 2006లో కోర్టు, సరిహద్దు తేల్చడం తన పరిధి కాదని, అందాకా ఉన్నది ఉన్నట్టు ఉండాలని చెప్పింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెళ్ళింది.

కోర్టు కూడా ఒక రకంగా పోస్టెల్ మాటే అంది. కానీ ఆ ఊళ్ళలో బతుకు ఎలా ఉందో చూడండి. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ రెండు రేషను కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయి. ఒక సర్కారు రోడ్డు వేస్తే ఇంకో సర్కారు బడి కడుతుంది. పోటీ పడి ఇస్తున్నారు. అక్కడి నుంచి మా సెంటరుకి ఒకసారి వచ్చిన పెద్దాయన సంచిలోంచి రెండు కార్డులూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఏది పనికొస్తే అది పెట్టు బాబూ" అన్నాడు. ఆయన ముఖంలో సిగ్గూ లేదు, గర్వమూ లేదు.

పశ్చిమ సహారాకి ఐఎస్ఓ పట్టికలో ఈహెచ్ అన్న అక్షరాలున్నాయి. మొరాకో వైపు వాళ్ళూ, స్వతంత్రం కోరే పొలిసారియో వైపు వాళ్ళూ ఇద్దరూ డాట్ ఈహెచ్ కావాలని అడిగారు. మీలో మీరు ఒప్పందానికి వచ్చేదాకా ఎవరికీ ఇవ్వం అని 2007లో ఐకాన్ తేల్చింది. ఇప్పటికీ ఇవ్వలేదు. అక్షరాలున్నాయి, జనమున్నారు, పేరు లేదు.

రెండు సర్కార్లకి రెండు రోడ్లు వేసే వీలుంది, ఒక డొమైనుకి ఇద్దరు యజమానులుండడం సాంకేతికంగా కుదరదు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఇద్దరికీ చెందని మూడో వాళ్ళ చేతిలో పెట్టి, శిబిరాల్లో ఉన్న శరణార్థులకీ నగరాల్లో ఉన్న వాళ్ళకీ సమానంగా పేర్లిచ్చే ఏర్పాటు చేయొచ్చు. తిమోర్‌కి డబ్లిన్ కంపెనీ చేసింది దాదాపు అదే. పెద్దవాళ్ళు రాజీ పడేదాకా చిన్నవాళ్ళకి ఏమీ లేదనడం, తేల్చకపోవడం కాదు. అలా ఆగిపోతే లాభం ఎప్పుడూ ఆ నేల మీద సైన్యం ఉన్న వాడికే. ఈ ఒక్క చోట నియమం పక్షం వహిస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ పత్రంలో రెండో సగం

ఇంతవరకూ చెప్పింది ఎవరికి పేరు దొరుకుతుందన్న సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది దొరికిన తర్వాతి సంగతి.

పోస్టెల్ రాసిన అదే పత్రంలో ఇంకో మాట ఉంది. పేరుని నిర్వహించేవాళ్ళు దానికి ధర్మకర్తలు, ఆ సమాజానికి సేవ చేయడం వాళ్ళ బాధ్యత. హక్కులూ యాజమాన్యాలూ గురించి మాట్లాడటం సరికాదు, బాధ్యతలూ సేవా గురించి మాట్లాడాలి. జాబితా గురించిన మొదటి సగాన్ని ముప్ఫై ఏళ్ళుగా అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఈ రెండో సగాన్ని మాత్రం చాలా చోట్ల గాలికొదిలేశారు. నా అభిప్రాయమంతా ఇదే.

పట్టా గిరిజనుడి పేరున ఉండి సాగు షావుకారు చేసుకోవడం మా ఏజెన్సీలో తాతల కాలం నుంచి చూసిందే. చిన్న దేశాల పేర్ల విషయంలో అచ్చంగా అదే జరిగింది. 1990లలో ఆ దీవులకి సరైన ఫోన్లే లేవు. బయటి నుంచి ఎవరో వచ్చి, ఈ పని మీకెందుకు, మేం చూసుకుంటాం అన్నారు.

టొకెలావు మూడు పగడపు దీవులు, పదిహేను వందల మంది. దాని డాట్ టీకేని ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి ఒకాయన తీసుకుని ఉచితంగా పంచిపెట్టాడు. ఒక దశలో రెండు కోట్లకు పైగా పేర్లతో, ప్రపంచంలో ఏ దేశపు డొమైన్ కన్నా పెద్దదైంది. అందులో మోసగాళ్ళు, బ్యాంకు దొంగలు లెక్కలేనంత మంది. ఫేస్‌బుక్ కంపెనీ మెటా కేసు వేశాక దుకాణం మూసుకుపోయింది. ఆ పదిహేను వందల మందికీ మిగిలింది, తమ పేరు కనబడితే చాలు మెయిళ్ళను స్పామ్‌లోకి తోసే ప్రపంచం. నియూ దీవి డాట్ ఎన్‌యూ 1997లో ఒక అమెరికన్ చేతికి వెళ్ళింది, 2013లో స్వీడన్ సంస్థకి మారింది. అది తమదని 2018లో నియూ ప్రభుత్వం స్వీడన్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇరాక్ డాట్ ఐక్యూ టెక్సస్‌లో ఒక కంపెనీ దగ్గరుండేది. దాన్ని నడిపే అన్నదమ్ముల్ని 2002లో వేరే నేరాల మీద అరెస్టు చేస్తే, 2005 దాకా ఆ దేశం చేతికి తన పేరు రాలేదు.

వీటన్నిటిలో నాకు గుండెలో గుచ్చుకునేది డాట్ ఐఓ. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవులు. డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం బ్రిటన్ 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనాన్నంతా ఓడలెక్కించి మారిషస్‌కీ సేషెల్స్‌కీ పంపేసింది. కొబ్బరి తోటల్లో పనిచేసే బీద కుటుంబాలు. తర్వాత 1997లో, జనం లేని ఆ దీవుల పేరు మీద డొమైన్ వచ్చింది. బ్రిటన్ వ్యాపారి ఒకరు దాన్ని నడిపారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎగబడి కొన్నాయి. 2017లో ఆ సంస్థ 7 కోట్ల డాలర్లకు చేతులు మారింది. దీవుల నుంచి గెంటేసిన వాళ్ళకి, వాళ్ళ పిల్లలకి అందులో పైసా రాలేదు. మా వాటా ఏదని వాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు. 2025 మే 22న ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అది అమలై, ఐఎస్ఓ ఐఓని పట్టికలోంచి తీసేస్తే, 2022లో ఐకాన్ ఆమోదించిన నిబంధన ప్రకారం డొమైనుకి అయిదేళ్ళు, మహా అయితే పదేళ్ళు గడువుంటుంది. పత్రికల నిండా స్టార్టప్ కంపెనీల గతేమిటన్న చర్చే. చాగోస్ వాళ్ళ సంగతి చివరి పేరాలో వస్తోంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు తువాలుని చూపిస్తారు. చూపించాలి కూడా. పదకొండు వేల మంది, తొమ్మిది దీవులు. డాట్ టీవీని అమెరికా కంపెనీకి లీజుకిచ్చారు, పన్నెండేళ్ళకి 5 కోట్ల డాలర్ల ఒప్పందం. ఆ డబ్బుతో 2000 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఖర్చు భరించగలిగారు. వీధి దీపాలు పెట్టుకున్నారు. సొంతంగా నడపాలని పట్టుబట్టి ఉంటే ఇందులో సగం కూడా వచ్చేది కాదేమో. ఒప్పుకుంటాను. బయటివాళ్ళు నడపడం తప్పని నేననడం లేదు. అంగ్విలా కూడా ఇటీవల సాంకేతిక పనిని అమెరికా కంపెనీకిచ్చింది, అయినా రాబడిలో పెద్ద వాటా దీవిదే. తేడా ఎక్కడంటే, తువాలు, అంగ్విలా తామే కూర్చుని బేరమాడాయి. నియూ, టొకెలావు, చాగోస్ తరఫున బేరమాడే వాళ్ళే లేరు, లేదా బేరం జరిగాక గాని సంగతి తెలియలేదు. ధర్మకర్త అనే మాటకి అర్థముండాలంటే, పేరు ఇచ్చే రోజునే లెక్కలు బయటపెట్టాలన్న షరతు ఉండాలి. ఎన్నేళ్ళకి తిరిగి అప్పగిస్తారో రాసి ఉండాలి. ఐయానా ఆ రెండూ అడిగినంత మాత్రాన, ఎవరు దేశమో తేల్చినట్టు కాదు.

సవర లిపి వెళ్ళిన దారి

ఇప్పుడు మావాడి మొదటి ప్రశ్న. సవరలకి ఎందుకు లేదు?

దేశం కానివాళ్ళకి 3166 పట్టికలో చోటు లేదు, రాదు. కానీ ఐఎస్ఓకి వేరే పట్టికలున్నాయి. భాషల పట్టిక 639-3లో సవరకి ఎస్ఆర్‌బీ అని మూడక్షరాలు ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే పంతులు పని చేస్తూ సవర నేర్చుకుని, వాచకాలూ నిఘంటువూ రాశారు. 1936లో మంగేయి గొమాంగో సవరకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. 2012లో అది, కంప్యూటర్లలో అన్ని లిపులకీ చోటిచ్చే యూనికోడ్‌లో చేరింది. సైన్యం లేదు, సమితిలో ఓటు లేదు. భాష ఉంది, లిపి ఉంది, రాసేవాళ్ళున్నారని చూపిస్తే సరిపోయింది.

డొమైన్లలోనూ అలాంటి తలుపొకటి ఉంది. స్పెయిన్‌లోని కాటలాన్ భాష, సంస్కృతుల పేరుతో 2005లో డాట్ క్యాట్ వచ్చింది. తర్వాతి విడతలో కుర్దుల డాట్ కేఆర్‌డీ వచ్చింది. రెండూ దేశాలు కావు. కాకపోతే ఈ తలుపు దగ్గర రుసుముంది. 2012 విడతలో దరఖాస్తుకే 1,85,000 డాలర్లు. 2026 విడతలో 2,27,000. బీద సంఘాలకి తగ్గింపు పథకముంది గాని, తర్వాత ఏటేటా కట్టే వేల డాలర్లు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా రాజ్యం అండ లేని పేరుకి రక్షణా తక్కువే. 2017 సెప్టెంబరు 20న, కాటలోనియా రెఫరెండం ముందు, స్పెయిన్ పోలీసులు డాట్ క్యాట్ కార్యాలయం మీద దాడి చేశారు. రాజ్యాల పేర్లు ఉచితం, జనాల పేర్లు కోట్లలో. యూనికోడ్ ఒక లిపిని చేర్చడానికి జనం దగ్గర కోట్లు అడగలేదు. పేర్ల వాళ్ళు మాత్రం ఎందుకడగాలో నాకు అర్థం కాదు.

తర్వాతి దేశం

ఇవన్నీ పాత కథలుగా మిగిలిపోయే వీలు లేదు. పాపువా న్యూగినీలోని బోగన్‌విల్ ప్రజలు 2019 రెఫరెండంలో దాదాపు 98 శాతం స్వతంత్రానికి ఓటేశారు. 2027 సెప్టెంబరు 1 నాటికి సాధించాలని వాళ్ళ నాయకులు లక్ష్యం పెట్టుకున్నారు. పాపువా పార్లమెంటు ఏమంటుందో చూడాలి. ఇప్పటికి వాళ్ళ ప్రభుత్వం సైటు పాపువా డాట్ పీజీ కిందే ఉంది.

ఒక సాయంత్రం సెంటరు ఖాళీగా ఉన్నప్పుడు కాగితం మీద వాళ్ళ పేరు ఇంగ్లీషులో రాసి, మొదటి అక్షరం బీ పక్కన మిగతా అక్షరాలు ఒక్కొక్కటే పెట్టి చూశాను. బీఓ బొలీవియాది. బీజీ బల్గేరియాది. బీఏ బోస్నియాకి, బీఐ బురుండికి, బీఎన్ బ్రూనేకి, బీఈ బెల్జియానికి వెళ్ళిపోయాయి. బీఎల్ సెయింట్ బార్తెలెమీ అనే చిన్న ఫ్రెంచి దీవిది. బీవీ నార్వే కింద ఉన్న బూవె దీవిది, అక్కడ మనుషులుండరు, ఆ డొమైనుని నార్వే వాడటమూ లేదు. మిగిలింది బీయూ ఒక్కటే. అది పాత బర్మాది, 1989లో బర్మా మయన్మార్ అయ్యాక పక్కన పెట్టేశారు. అంటే తమ పేరులోని మొదటి అక్షరంతో కలిపి చూస్తే, ఎవరూ వాడుకోని జత ఒక్కటీ లేదు. వాళ్ళు పేరు మార్చుకుంటారో, ఇంకో అక్షరం తెచ్చుకుంటారో, పాత బర్మా అక్షరాలే అడుగుతారో.

అక్షరాల సంగతి ఐఎస్ఓ చూసుకుంటుంది. నాకున్న కోరిక దాని తర్వాతి అంచె గురించి. బోగన్‌విల్ పేరు రూట్‌లో చేరే రోజు వస్తే, దాన్ని నడుపుతామంటూ సింగపూరు నుంచో డెలావేర్ నుంచో ఎవరో ఒకరు అప్పటికే సంచీ సర్దుకుని బుకా విమానాశ్రయంలో దిగి ఉంటారు. వాళ్ళు రాసుకొచ్చే ఒప్పందం అక్కడి భాషల్లో ఊళ్ళలో చదివి వినిపించాకే ఐకాన్ బోర్డు దాన్ని చేతిలోకి తీసుకోవాలి. రాబడిలో వాటా ఎంతో, ఎన్నేళ్ళకి తిరిగి అప్పగిస్తారో, అందాకా అక్కడి పిల్లల్లో ఎంతమందికి సర్వర్ల పని నేర్పిస్తారో అందులో ఉండాలి. లేకపోతే దక్షిణ సూడాన్ లాగా ఏడేళ్ళు ఆలస్యమైనా ఫరవాలేదు, ఆగమనే చెబుతాను.